అవ్వ తోమిన రూపాయి

నిన్న కర్నూలులో, నాణేలు సేకరించే స్నేహితుడికి మా అవ్వ దాచుకున్న రూపాయి బిళ్ల చూపించాను. వాడు దాన్ని భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ముద్ర పక్కకు పడిండాది, నిజమే అప్పా. సింహాల బొమ్మ సగమే వచ్చిండాది. కానీ ఈ గీతలు మింట్‌లో పడినవి కావు. ఎవరో శానా రుద్దినారు."

ఆ మాట వినగానే చింతపండు పులుపు వాసన నా ముక్కుకు తగిలింది. శుక్రవారం పొద్దున ఇత్తడి చెంబులు, దీపపు కుందులు పెరట్లో పరిచి, చింతపండూ బూడిదా వేసి తోమడం మీ ఇళ్లలోనూ ఉండేది కదా? వేంపల్లెలో మా అవ్వ ఆ కుందులతో పాటు ఈ రూపాయినీ తోమేది. ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు. మిగతా సగం బొమ్మ మకిలి కింద ఉందనుకునేది.

"సింహం పూర్తిగా బయటికి రానీరా, అహోబిలం సామి హుండీలో ఏస్తా. దేవునికి సగం బొమ్మ ఇస్తామా?" అనేది.

ఏ శుక్రవారమూ ఆ సింహం బయటికి రాలేదు. అవ్వ పోయింది. రూపాయి పూజ గూట్లోనే ఉండిపోయింది.

నిన్న భూతద్దంలో చూస్తే, లేని సగం కోసం రుద్దిన రుద్దుడికి ఉన్న సగం కూడా అరిగిపోయి కనిపించింది. "ఇట్లే ఇచ్చేద్దాం పదవ్వా" అని ఇంట్లో ఒక్కరమైనా అని ఉంటే ఎంత బాగుండేది! ఆ నరసింహస్వామి కూడా సగం సింహమే కదా.