నడుము దగ్గర నల్లమచ్చ

మా ఆవిడ మునెమ్మ ఆవు పాలు పిండకుండా పడుకున్న సాయంత్రం, మా ఇంట్లో ఏదో తేడా వచ్చిందని అర్థమైంది. జలుబైనా, జడివాన పట్టినా పాలకేంద్రానికి క్యాను పంపకుండా ఉండే మనిషి కాదు. "తల పగిలిపోతా ఉండాది. ఈ పొద్దు నువ్వే పిండు" అంది. ఒంటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది.

నేను బంగారుపాళ్యం దగ్గర షేర్ ఆటో నడుపుతాను. జనాన్ని ఆసుపత్రులకు చేర్చడమే నాకు సగం పని. ఏ ఆసుపత్రికి ఏ గేటులోంచి వెళ్ళాలో, ఓపీ చీటీ ఎక్కడిస్తారో నాకు కంఠతా వచ్చు. ఆ తెలివంతా ఎందుకూ కొరగాకుండా పోయిన సంగతే ఇది.

పారాసెటమాల్‌తో జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. పీహెచ్‌సీకి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు చిన్నవాడు, మంచివాడు. రెండు పీహెచ్‌సీలకు ఆయనొక్కడే. నర్సమ్మ టీకాల పని మీద వేరే ఊరు వెళ్ళింది. లోపలి గదిలో మందుల పెట్టెలు పేర్చి ఉండటంతో రోగుల్ని వరండాలోనే చూస్తున్నారు. పడుకోబెట్టి చూసే బల్ల క్యూకు ఎదురుగానే ఉంది. దానికి తెర లేదు.

"ఒంటి మీద దద్దుర్లు, పుండ్లు ఏమైనా ఉన్నాయామ్మా?" అని అడిగాడాయన.

మునెమ్మ వెనక్కి తిరిగి చూసింది. క్యూలో మా ఊరి మగవాళ్ళే సగం మంది. "ఏం లేవు సార్" అంది.

డెంగీ, మలేరియా కిట్లతో చూస్తే రెండూ నెగటివ్. "వైరల్ ఫీవర్ కావచ్చు. తగ్గకపోతే చిత్తూరు తీసుకెళ్ళండి. ఇక్కడ ఇంతకు మించి టెస్టులు లేవు" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది ఆయన చేశాడు. అందుకే ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాదు.

ఇంటికొచ్చాక ఆమె నడుము దగ్గర కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకోవడం చూశాను.

"ఏందిమే అది?"

"ఏం లేదులేబ్బా. పావడ బొందు ఒరుసుకునింది."

మా వైపు ఆడవాళ్ళు మామిడితోపుల్లో గడ్డి కోసేటప్పుడు గంపలు వాడరు. కొంగు నడుముకు బిగించి ఒడి కట్టుకుంటారు. కోసిన గడ్డి ఒడిలో వేసుకుంటూ పోయి, అది నిండాక మూటలోకి వేస్తారు. తడిగడ్డి బరువుకు బొందు బిగుసుకుని అందరి నడుముకూ మచ్చలు పడతాయి. కాబట్టి ఆ మచ్చను ఆమె లెక్క చేయలేదు, నేనూ చేయలేదు. నొప్పి లేదు, దురద కూడా లేదు.

జ్వరం తగ్గలేదు. చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ మంచానికి ఇద్దరు. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయన్నారు. "డెంగీ లాగే ఉంది. కిట్‌లో ఒక్కోసారి తెలియదు" అని సెలైన్, యాంటీబయాటిక్ పెట్టారు. జ్వరం కదల్లేదు. ఆమెకు ఆయాసం మొదలైంది. నేను పక్కనే కూర్చుని మాట్లాడుతుంటే, "ఏమంటాండావు? సరిగ్గా ఇనపడలా" అంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"ఇక్కడ ఐసీయూలో బెడ్ లేదు. తిరుపతికి రాస్తున్నాం" అన్నారు. అంబులెన్స్ ఇంకో కేసు మీద వెళ్ళిందట. ఎదురుచూడమన్నారు. నా ఆటో గేటు బయటే ఉంది. ఊళ్ళో అందరినీ ఎక్కించుకుపోయిన బండి. దాంట్లో ఆక్సిజన్ లేదు కాబట్టి ఆమెను ఎక్కించుకునే దారి లేదు. ఎవరి మీద అరవాలో తెలియక స్ట్రెచర్ తోసే మనిషి మీద అరిచాను.

"నా మీద అరిస్తే బండి వస్తాదాన్నా?" అన్నాడు. నిజమే.

చివరికి అంబులెన్స్ వచ్చింది. కాణిపాకం మలుపు దాటేటప్పుడు దండం పెడదామంటే చేతులు ఖాళీగా లేవు. ఒక చేత్తో ఆమెను, ఇంకో చేత్తో మాస్కును పట్టుకుని ఉన్నాను.

తిరుపతిలో ఒక లేడీ డాక్టరు నన్ను బయటికి పంపి, మంచం చుట్టూ తెర లాగింది. కాసేపటికి బయటికొచ్చి, "నడుము దగ్గర ఆ మచ్చ ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది.

"అది పావడ బొందు ఒరుసుకునింది మేడమ్."

"కాదు. దాన్ని ఎస్కార్ అంటారు. గడ్డిలో ఉండే పురుగు కుట్టిన చోటు. ఆ పురుగు కంటికి కనపడనంత చిన్నది. అది కుడితే వచ్చే జ్వరమే ఇది, స్క్రబ్ టైఫస్."

మందు దొరుకుతుందా అని అడిగాను. "డాక్సీసైక్లిన్. ఇప్పుడే మొదలుపెడతాం. మొదట్లో అయితే మాత్రలే సరిపోయేవి. మీ పీహెచ్‌సీలో కూడా ఉంటాయి" అంది.

వరండాలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. మందు మా ఊరి దగ్గరే ఉంది, మచ్చ ఆమె ఒంటి మీదే ఉంది. ఆ రెండింటినీ కలపడానికి తిరుపతి దాకా రావాల్సి వచ్చింది.

అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. వెంటిలేటర్ పెట్టారు. "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్న మాట తప్ప ఇంకో మాట వినలేదు. రోజూ కాసేపు అద్దంలోంచి చూడనిచ్చేవారు. చూసి వచ్చి మెట్ల మీద కూర్చోవడం, అంతే నా పని. జ్వరం ముందు దిగింది. ఊపిరి మెల్లగా దారికొచ్చింది. ట్యూబు తీశాక ఆమె అడిగిన మొదటి మాట, "ఆవుకు గెడ్డి ఎవరేస్తాండారు?"

ఇప్పుడు మునెమ్మ నడుస్తోంది, వండుతోంది, గడ్డికీ పోతోంది. వద్దంటే వినదు, ఆవు కూడా తినాలి కదా. ఎడమ చెవికి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. పీహెచ్‌సీలో తెర గురించి అడిగాను. "రాసి పంపాను" అన్నాడా చిన్న డాక్టరు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఆయన చోటికి ఇంకా ఎవరూ రాలేదు. వేరే ఊరి డాక్టరు వారంలో కొన్ని రోజులు వచ్చి వెళ్తున్నాడు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. తోటలో, చేలో పనిచేసే మనిషికి జ్వరం వస్తే, ఆసుపత్రికి బయలుదేరే ముందు ఇంట్లో తలుపు వేసుకుని ఒళ్ళంతా చూడండి. నడుము, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మోకాళ్ళ వెనక. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనపడితే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఈ మాట నేను మా వీధిలో చెబితే, "ఆడోళ్ల నడుముల సంగతి నీకెందుకప్పా?" అని నవ్వారు. అందుకని మునెమ్మే చెబుతోంది. మొన్న పక్కింటి సెల్వికి జ్వరమొస్తే లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. బయటికొచ్చినప్పుడు మునెమ్మ ముఖం చూసే మచ్చ ఉందని నాకు తెలిసిపోయింది.

"ఆటో తియ్యబ్బా" అంది.

పీహెచ్‌సీకి ఫోను చేశాను. ఈ రోజు డాక్టరు రాడన్నారు. బండి స్టార్ట్ చేసి, చిత్తూరు వైపా, తిరుపతి వైపా అని అడిగాను. మునెమ్మకు వినపడలేదు. సెల్వి నన్నే చూస్తోంది.