అడ్డచుట్ట లేని ఊరు

శ్రీకాకుళంలో వైద్య విద్యార్థులకు ప్రజారోగ్యం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాజాం దగ్గరి ఒక ఊళ్లో పొగాకు అలవాట్ల మీద సర్వే చేశాను. ‘ఈ ఊరి ఆడవాళ్లలో పొగ తాగేవారు దాదాపు లేరు’ అని నివేదికలో రాసి, మా విభాగం పెద్ద అయిన మేడం చేతిలో పెట్టి, మెచ్చుకుంటారేమోనని నిలబడ్డాను.

మేడంది పొందూరు వైపు. చదువుతూ చదువుతూ కళ్లజోడు తీసి నవ్వడం మొదలుపెట్టారు.

“ఇది మనవైపు ఊరేనా తల్లీ? ఇంతకీ వాళ్లని ఏమని అడిగావు?”

ఇంగ్లీషు ప్రశ్న చూపించాను.

“అది కాదు. నోటితో తెలుగులో ఏమన్నావు?”

“‘పొగ తాగుతారా’ అన్నానండి.”

“అప్పుడు పక్కన ఎవరున్నారు?”

ఆలోచిస్తే, లేనిదెవరో చెప్పడమే సులువు. అత్తలు, ఆడబిడ్డలు, దారిన పోతూ ఆగినవాళ్లు, అందరూ ఉన్నారు.

“ఏ మాటతో అడిగావో, ఎవరి ముందు అడిగావో రాయకుండా ఫలితమొక్కటే రాస్తే చదివేవాడు ఏం చూసి నమ్ముతాడు?” అని, ఆవిడే నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి బయలుదేరారు.

మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని, చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని హాయిగా పీలుస్తోంది. మా ప్రాంతంలో అడ్డచుట్ట అంటే అదే. నా కాగితంలో ఈమె ‘పొగ తాగదు’.

“అమ్మా, ఆ రోజు పొగ తాగనని చెప్పావే!” అన్నాను.

ముసలమ్మ చుట్ట తీసింది. “పొగ తాగడమేటి? పొగ వొదిలీది మగోళ్లు. నాను సుట్ట కాలుస్తన్నాను. సుట్ట సంగతి నువ్వడిగితే కదా సెప్పీది!”

మేడం నా వైపు చూడలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. గుమ్మంలో నిలబడ్డ కోడలిని అడిగారు, “మరి నువ్వమ్మా?”

“నాకలాటి అలవాట్లు లేవండి.”

“ఒసే, అబద్దమాడకే!” అంది అత్త. “నా సుట్టలు తరిగిపోతన్నాయంటే ఎలక అట్టుకుపోయిందంటాది. సుట్ట కాల్సీ ఎలకని నానెక్కడా సూళ్లేదు!”

కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

ఊరంతా మళ్లీ తిరిగాం. ఈసారి చుట్ట అనే అడిగాం, ఒక్కొక్కరినీ పెరట్లోకి పిలిచి విడిగా అడిగాం. నివేదికలో రెండు ప్రశ్నలూ తెలుగులోనే అచ్చువేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టాం. మొదటిసారి కోడళ్ల జవాబులు అత్తల ఎదుటే తీసుకున్నామని కూడా రాశాం. ఆ వాక్యం రాసేటప్పుడు నాకు సిగ్గేసింది. నివేదికను ఒక వైద్య పత్రికకు పంపితే, వాళ్లు మాత్రం ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వేసుకున్నారు.

ముసలమ్మ అంగిట్లో, అశ్రద్ధ చేస్తే క్యాన్సర్‌గా మారగల తెల్లమచ్చలున్నాయని మేడం ఆ రోజే గమనించి ఆస్పత్రికి రమ్మన్నారు. వస్తుందనుకోలేదు. కోడలిని తోడు తీసుకుని బస్సులో వచ్చింది, పరీక్ష చేయించుకుంది. ఇంకా ముదరలేదు గానీ చుట్ట మానాలంటే డాక్టరు మీద కాసేపు అలిగి, “సూస్తాన్లే బాబూ” అంది. తర్వాత ఇద్దరూ ఆటో ఎక్కి అరసవల్లి సూర్యదేవుడి దర్శనానికి వెళ్లిపోయారు.