ఎడమ సగం లేని గళ్ళనుడికట్టు

రోజూ అరగంట పట్టే గళ్ళనుడికట్టు ఆ ఉదయం పావుగంటలో అయిపోయింది. అనుమానించాల్సింది పోయి గర్వపడ్డాను.

మా తాతగారికి ఈ ఊరి రేవులో సరుకుల పడవలుండేవి. ఇప్పుడు మేము దువ్వాడలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా ఇంటి పద్ధతుల్లో నాకు మిగిలింది ఒక్కటే. నాన్నగారిలాగే గళ్ళు సిరాతో, కొట్టివేత లేకుండా, ఎవరినీ అడగకుండా నింపడం.

నా తర్వాత పేపరు తీసుకునేది ఎదురింటి అప్పలరాజు. ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. నన్ను "బావా" అంటాడు. బయటివాళ్ళెవరూ మా వంశంలో ఎవరినీ అలా పిలిచి ఎరగరు.

"ఏటి బావా, ఎడం పక్కంతా ఒగ్గేసినావు?"

"అటు గళ్ళు లేవు. పేపరువాళ్ళు సగమే వేశారు."

వంటింట్లోంచి నా భార్య వచ్చింది. "ఇడ్లీలూ అంతే తమ్ముడూ. కంచంలో ఒక పక్కవి ముట్టుకోలేదు. అడిగితే పెట్టనేలేదని కేకలేశారు."

ఇద్దరినీ కసిరి గదిలోకి వెళ్ళాను. ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఎవరి మాటా వినలేదు. అప్పలరాజు మళ్ళీ వచ్చి, అదే పేపరు తలకిందులుగా నా ముందు పెట్టాడు. నేను నింపిన గళ్ళు మాయమయ్యాయి. ఖాళీ గళ్ళు కనిపించాయి.

"నెగు బావా. పరువు తర్వాత సూసుకుందుం. కింద ఆటో ఉంది."

ఆసుపత్రిలో సీటీ స్కాన్, ఎమ్మారై తీశారు. "మెదడు కుడివైపు స్ట్రోక్," అన్నారు డాక్టరుగారు. "మీ కళ్ళు బాగానే ఉన్నాయి. ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే మెదడుకు లేకుండా పోయింది. లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కి టైం దాటిపోయింది." ఆ దాటిన గంటలు నావే. ఎవరి మీదా నెట్టను.

థెరపిస్టు అమ్మాయి పేజీ ఎడమ అంచున ఎర్ర గీత గీసింది. "సార్, ఈ గీత కనపడేదాకా చదవొద్దు." మొదటి వారాల్లో ఆధారం చదవగానే జవాబు తట్టేది, రాయాల్సిన గడి మాత్రం దొరికేది కాదు. ఒకరోజు సిరా అలికిపోయి, కోపంతో పేపరు చించేశాను. చించింది కూడా కుడి సగమే. మర్నాడు పెన్సిల్ అడిగాను. ఆ ఒక్క మాట నోట రావడానికి రాత్రంతా పట్టింది.

ఎనిమిది నెలలైంది. ఎడమ చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. గళ్ళు నింపడానికి గంట పడుతోంది. సిరాకు తిరిగొచ్చాను. ఎర్ర గీత మానలేదు. చివరి గడి నింపాక పేపరు తిప్పి చూసుకుని, ఎదురింటి తలుపు కొడతాను.

నిన్న అప్పలరాజు నవ్వాడు. "ఒకటుండిపోనాది బావా."

"ఎక్కడో చెప్పకు బావా," అన్నాను. గీత దగ్గర మొదలుపెట్టి వెతికాను. కింద మూలన నేనే పట్టుకున్నాను.

నేను చెప్పగలిగింది ఇంతే. కంచంలోనో, గడ్డం గీసుకోవడంలోనో, పేపరులోనో మీరు ఉన్నట్టుండి ఒక పక్క వదిలేస్తున్నారని ఇంట్లోవాళ్ళంటే, వాదించకండి. మీకేమీ తేడా కనిపించకపోయినా సరే, వెంటనే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళండి.