మెడలో ఉండగానే తీసిన అచ్చు

మా అక్క తన భర్త బతికుండగానే మెళ్లో తాళిబొట్టు తీసిందని, అందుకే ఆయన పోయాడని మా బంధువుల్లో ఒక మాట తిరుగుతోంది. అక్క ముఖం మీద ఎవరూ అనరు. పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో, ఆమె లేచి పక్కకి వెళ్లాక అంటారు. మూత్రపిండాలు పాడైన మనిషి బంగారం వల్ల బతకడు, బంగారం వల్ల చావడు అని నేను చెప్పగలను. చెప్పాను కూడా. కాని ఆ వాదన అక్కకి పనికిరాదు. ఆమెకి కావలసింది జరిగిన సంగతి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఆమెకి జానెడు దూరంలో ఉన్నది నేను. అందుకని ఇది నేనే రాయాలి.

వాషర్‌మెన్‌పేట్‌లో ఒక చిన్న షెడ్డులో నేను స్పార్క్ మెషిన్ నడుపుతాను. బడి చదువు తొందరగా ఆగిపోయింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. సెలవు రోజుల్లో బల్ల ముందు కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకాలను ఒక్కో పేజీ నములుతూ చదివాను. నేను రోజూ చేసే పని లోపల ఏం జరుగుతుందో నాకు ఏ మేస్త్రీ చెప్పలేదు, ఆ పుస్తకాలు చెప్పాయి. ఈ మాట రాసుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మామూలు మెషిన్లలో కోసే పనిముట్టు కోయించుకునే లోహం కన్నా గట్టిగా ఉండాలి. మా మెషిన్‌కి ఆ నియమం లేదు. మెత్తటి రాగి ముక్కతో బాగా కరుడు తేరిన ఉక్కులో గుంట పెట్టవచ్చు. రెండూ నూనెలో మునిగి ఉంటాయి, ఒకదానికొకటి తగలవు. మధ్యలో వెంట్రుక పట్టేంత సందు. కరెంటు వదిలితే ఆ సందులో నిప్పురవ్వ దూకుతుంది. అది పడిన చోట ఉక్కు రవ్వంత కరిగి నూనెలో కొట్టుకుపోతుంది. వెంటనే ఇంకో రవ్వ, ఇంకో చోట. బయటికి చిన్న చిటపట, నూనె మీద తేలే బుడగలు, అంతే. రాగి ఏ ఆకారంలో ఉంటే ఉక్కులో ఆ ఆకారానికే గుంట పడుతుంది. ఉక్కు ఎంత గట్టిదన్నది లెక్కలోకి రాదు, దానిలో కరెంటు పారితే చాలు.

ఇక బొట్టు సంగతి. మా వాళ్లలో పెళ్లికూతురికి రెండు బొట్లు. ఒకటి పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది. ఏ ఇంటి బొట్టు ఆ ఇంటి తీరులోనే ఉంటుంది. మా బావ వాళ్లింటి బొట్టుకి నడుమ బుడిపె, దాని కింద సన్నని నెలవంక, అంచు చుట్టూ చుక్కలు. అక్కకి అది మెట్టినింటి బొట్టు. ఆమె కూతురికి, అంటే నా మేనకోడలికి, అదే పుట్టింటి బొట్టు కావాలి. బావ ఆరోగ్యం చూసి పెళ్లి ముందుకి జరిపారు. ఆయన ఉండగా జరగాలి, ఆయన ఇంటి బొట్టుతోనే జరగాలి. ఇంట్లో అందరి కోరికా అదొక్కటే.

వాళ్లింటి అచ్చు జార్జి టౌన్‌లో ఒక ఆచారి దగ్గర తరాలుగా ఉంది. గుండ్రటి ఉక్కు దిమ్మ, పైన బొట్టు ఆకారంలో గుంట. ఆ గుంట మీద బంగారు రేకు పరిచి, పైన సీసం ముద్ద పెట్టి కొడితే రేకు గుంటలోకి దిగి బొట్టవుతుంది. నేను వెళ్లేసరికి ఆచారి ఆ దిమ్మని వెలుతురులోకి తిప్పి చూపించాడు. నిలువునా నెర్రె.

"మా తాత చెక్కినాడయ్యా దీన్ని. మెత్తగా ఉన్నప్పుడు చెక్కి, కాల్చి నూనెలో ముంచేది. అప్పుడే లోపల యాడో నెరి ఇచ్చుంటాది. ఇన్నాళ్లు ఓర్చుకునింది."

"కొత్తది చెక్కలేరా?"

"నా కళ్లతోనా? సుత్తియ్యి, కొడతా. ఉలి ఇస్తివా, నా వేలు నేనే తెగ్గోసుకుంటా." దిమ్మని పక్కన పెట్టి, "ఇంకో బొట్టుందా, ఎవరన్నా చూసి చెయ్యను?" అన్నాడు.

బావ తల్లి బొట్లు ఆమె భర్త పోయినప్పుడే కరిగిపోయాయి. మిగిలింది ఒక్కటే.

"మా అక్క మెళ్లో ఉంది."

"మీ బావకి ఎట్లుండాది?"

"డయాలిసిస్ నడస్తా ఉంది."

"అయితే ఆయమ్మ తియ్యదులే," అని ఆచారి కుంపటి వైపు తిరిగాడు.

అయినా నేను అడిగాను. తాడు మార్చేటప్పుడు ఆడవాళ్లు పసుపుకొమ్ము మెళ్లో కట్టుకుని బొట్లు తీస్తారు, మళ్లీ కొత్త తాటికి ఎక్కిస్తారు. అలా ఒక్క పూట తీసిమ్మన్నాను.

"అది మనిషి నడస్తా తిరగతా ఉన్నప్పుడు," అంది అక్క. "ఇప్పుడు తియ్యను."

"మధ్యాన్నం తీస్తే సాయంత్రానికి..."

"నీ పుస్తకాల్లో ఏం రాసుందో నాకొద్దురా. తియ్యను."

మేనకోడలు తలుపు దగ్గర్నించి, "మామా, ఫోన్‌లో ఫోటో తీసి కంప్యూటర్ షాపులో ఇచ్చేద్దాం. ఇప్పో అదెల్లాం ఈజీ," అంది, ఈ రోజుల్లో అదంతా తేలికే అన్నట్టు.

ఫోటోలో లోతు రాదని చెప్పాను. పైగా ఆ షాపుల్లో పోత పోస్తారు. బావ వాళ్లింట్లో పోత బొట్టు కట్టరు, రేకు మీద కొట్టిందే కడతారు. మంచం మీద పడుకున్న బావ కళ్లు తెరవకుండానే అన్నాడు:

"ఏం బామ్మర్దీ, ఉక్కుకే బొక్క పెడతావంట, మీ అక్క కాడ నీ పప్పులుడకలేదా?"

"ఉడకలేదు బావా."

"నావీ ఎప్పుడూ ఉడకలా. ఇంకో దోవ చూడు."

ఆ దోవ నాకు గ్రంథాలయం పుస్తకంలో దొరికింది. రాగిని చెక్కనక్కర్లేదు, పెంచవచ్చు. మైనం మీద బొట్టు ముద్ర తీసుకుని, దానికి పెన్సిల్ ములుకుల పొడి పల్చగా పూసి, మైలుతుత్తం కలిపిన నీళ్లలో వేలాడదీసి సన్నగా కరెంటు పారిస్తే, మైనం మీద రాగి పొరపొరలుగా పేరుకుంటుంది. మైనం కరిగిస్తే అచ్చంగా బొట్టు ముఖంతో రాగి పెంకు మిగులుతుంది. వెనక సీసం నింపితే అదే నా పనిముట్టు. ముద్ర కోసం బొట్టు మెడ దిగనక్కర్లేదు. మైనమే మెడ దగ్గరికి వెళుతుంది.

ఇదంతా అక్కకి చెప్పాను. "మెడ మీంచి తాడు లేవకూడదు," అంది.

"లేవదు."

ఆ మధ్యాహ్నం బావ డయాలిసిస్ నుంచి వచ్చి దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. అక్క మంచం అంచు మీద ఆయనకెదురుగా కూర్చుంది. బొట్టు వెనక ఒక పల్చటి స్టీలు మూత ఆనించి నేను పట్టుకున్నాను. గోరువెచ్చని నీళ్లలో మెత్తబడిన మైనం ఇంకో చిన్న మూతలో ఉంది. దాన్ని బొట్టు మీద ఒత్తాలి. బావ చెయ్యి చాపాడు.

"ఇటీ. కట్టింది నేను. నేనే ఒత్తుతా."

సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి అది. వణుకుతోంది. నేను వద్దనలేకపోయాను.

"ఊపిరి బిగబట్టు," అన్నాడు అక్కతో.

"నువ్వు బిగబట్టు, నాకు చెప్తావు."

అంతలో ఆమెకి నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది. మైనంలో అంచు రెండు గీతలుగా పడింది, మెడ మీద తాడు మాత్రం లేవలేదు. ఆ మైనం తీసి మళ్లీ వేడినీళ్లలో వేశాను. రెండోసారి మెత్తబడిన మైనాన్ని మళ్లీ మూతలో నింపాను. మేనకోడలు ఫ్యాను ఆపింది. బావ రెండో చేత్తో తన మణికట్టునే గట్టిగా పట్టుకుని, వణుకు ఆపుకుని, ఒత్తి, అలాగే ఉంచాడు. మైనం గట్టిపడేదాకా వాళ్లిద్దరూ ఒకరి ముఖమొకరు చూసుకుంటూ ఉండిపోయారు. నా కళ్లు మాత్రం తాడు మీద ఉన్నాయి. పసుపు పట్టి బిరుసెక్కిన ఆ తాడు ఆమె మెడ మడతల్లోనే ఉంది. నేను వెనక మూత జార్చి తీశాక ఆయన మైనం తీశాడు. బొట్టు తిరిగి ఆమె గొంతు కింద వాలింది.

ముద్ర బాగా వచ్చింది. అయితే అంచున ఒక పక్క చుక్కలు లేవు. రోజూ దేవుడి ముందు కళ్లకద్దుకునేటప్పుడు వేళ్లు పట్టే చోటు, అరిగి నున్నగా అయిపోయింది. అది అలాగే ఉంటే బాగుంటుందని నాకనిపించింది. అక్క గుర్తు ఆమె కూతురి బొట్టులో ఉంటుంది కదా అన్నాను.

"ఏం ఉండబళ్లా," అంది అక్క. "అది అరిగింది నా మెళ్లో. దాని మెళ్లో అదే అరగదీసుకుంటుందిలే. నువ్వు చుక్కలు పెట్టు."

రాగి మీద ఆ చుక్కలు నేనే పెట్టాను. నిప్పురవ్వ ఉక్కునే కాదు, రాగినీ కొంచెం తింటుంది. అందులోనూ మొనలని ముందు తింటుంది. అందుకని మొదటి రాగి పెంకుని మైనం కరిగించకుండా మెల్లగా ఊడదీసి, అదే మైనం మీద రెండోదీ పెంచాను. మొదటిది గుంట లోతుకి, రెండోది చుక్కలు తేలడానికి. సందు వల్ల గుంట రాగి కన్నా రవ్వంత పెద్దదవుతుంది, ఆ మేరకు రాగి అంచు అరగదీశాను. కొత్త ఉక్కు దిమ్మని ముందే కాల్చి కరుడు తేరేలా చేశాను. చెక్కాక కాల్చే పని లేదు కాబట్టి, చెక్కిన పని ఆచారి తాత అచ్చులా నెర్రె ఇస్తుందన్న భయం లేదు. మా ముదలాళి, అంటే షెడ్డు యజమాని, సెలవు రోజున మెషిన్ ఇచ్చాడు. "తాళిక్కా?" అని, తాళి కోసమేనా అని అడిగి, చెప్పులు గడప బయట వదిలి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. షెడ్డులోకి చెప్పుల్లేకుండా ఆయన రావడం నేనెప్పుడూ చూడలేదు. నూనెలోంచి దిమ్మని ఎత్తి తుడిస్తే నెలవంక కనిపించింది.

పెళ్లి మైలాపూరులో ఒక చిన్న మండపంలో జరిగింది. బొట్లు పళ్లెంలో పెట్టి పెద్దలందరి చేతా తాకించారు. చక్రాల కుర్చీలో ఉన్న బావ దగ్గర పళ్లెం ఆగింది. ఆయన తన ఇంటి బొట్టుని అంచు పట్టుకుని వేళ్ల మధ్య తిప్పాడు.

"గుచ్చుకుంటా ఉండాదే," అన్నాడు.

"కొత్తది గదా," అంది అక్క.

ఆ ఎండాకాలం గడవకుండానే బావ పోయాడు. బొట్టు తీయించాల్సిన రోజున ఆడవాళ్లు అక్కని లోపలికి తీసుకెళ్లారు. ఆ తర్వాతే మాట పుట్టింది. పెళ్లిలో కొత్త బొట్టు చూసినవాళ్లు, పాత అచ్చు పగిలిందని తెలిసినవాళ్లు, రెండూ కలిపి తమకి తోచినట్టు పూరించుకున్నారు. వాళ్లు అన్నందుకు కాదు నాకు దిగులు. ఒక సాయంత్రం అక్క కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, పక్కన కూర్చుని, "ఒరే, మొదటిసారి నవ్వినప్పుడు తాడు లేచిందా?" అని అడిగింది. తన మీద తనకే అనుమానం వచ్చేసింది.

లేవలేదని చెప్పాను. ఆమె తల ఊపింది కాని నమ్మలేదు. నోటి మాట అప్పుడే ఆరిపోతుంది. అందుకే రాశాను. రాసింది మొన్న ఆమెకి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఫ్యాను ఆపింది పాప కాదు, నువ్వే చెప్పి ఆపిచ్చినావు. అదీ రాయి."

రాస్తున్నాను. చివరిదాకా విని, ఇంకోసారి చదవమంది. రెండోసారి చదివేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంది, ముఖం కొంచెం వదులైంది. పేర్లు వద్దు, వరసలు చాలు అంది. కాబట్టి వరసల్లోనే కృతజ్ఞతలు చెబుతున్నాను.

పగిలిన అచ్చుని దాచకుండా చూపించి, కొత్త దాని మీద తన చేత్తో కొట్టిన జార్జి టౌన్ ఆచారికి. సెలవు రోజున కరెంటూ నూనే లెక్క చూడకుండా మెషిన్ ఇచ్చిన మా ముదలాళికి. పుస్తకం గడువు దాటినా రెండుసార్లు ముద్ర వేసి ఇచ్చిన గ్రంథాలయం ఉద్యోగినికి. నేను చెప్పగానే ఫ్యాను ఆపి, చెమటలు కారుతున్నా కదలకుండా నిలబడిన మా మేనకోడలికి. ఇంట్లో మైలుతుత్తం నీళ్ల గిన్నెల్ని నెలంతా భరించిన నా భార్యకి. ఊపిరి బిగబట్టిన మా అక్కకి. మైనం గట్టిపడేదాకా తన చెయ్యిని తానే పట్టి ఆపిన మా బావకి. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ తాడు అక్క మెడని వదల్లేదు. నేను చూశాను.