నాయన పంచెకు పట్టిన రంగు

ఆ రోజుల్లో మద్రాసులో బి.ఎస్సీ. పరీక్ష రాసి మార్కాపురంలో రైలు దిగిన కుర్రాడికి భూమి మీద తెలియని విషయం ఉండేది కాదు. నాకైతే అసలే ఉండేది కాదు. (ఫలితాలు ఇంకా రాలేదన్న సంగతి ఎవరైనా గుర్తుచేస్తే మాట మార్చేవాణ్ణి.) ఆ వేసవిలో మా ఊరి పలకలకు అద్దంలాంటి మెరుగుపెట్టే తెల్లపొడి తయారుచేసి, పలకల వ్యాపారమంతటినీ ఉద్ధరించాలని నిశ్చయించుకున్నాను. పటిక నీళ్ళలో చాకలి సోడా కలిపితే బుసబుసమని పొంగి, తర్వాత తెల్లటి జిగురుముద్ద పేరుకుంటుంది. దాన్ని కడిగి, ఎండబెట్టి, నిప్పుల మీద బాగా కాలిస్తే అల్యూమినా, అదే ఆ మెరుగుపొడి. పుస్తకంలో రెండే రెండు వాక్యాలు. కడగడం వరకూ చేసి, కుండెడు జిగురును పెరట్లో ఆరబెట్టి, అలిసిపోయి నిద్రపోయాను.

లేచి చూస్తే కుండ ఖాళీ. అమ్మను అడిగితే, "గంజి వంచి ఆడ పెట్టింది నువ్వేనా? ఎంత చిక్కంగా ఉందిరా! మీ నాయనకు పట్టుపంచె కాక ఉన్న మంచి పంచె ఒకటేనని దానికే పెట్టేసినా" అంది. పరుగెత్తేసరికి నాయన ఆ పంచె కట్టుకుని, కుచ్చిళ్ళు సర్దుకుంటూ మురిసిపోతున్నాడు. "మీ అమ్మ పెండ్లైనప్పటి నుంచి ఇంత బాగా గంజి పెట్టింది లేదురా" అన్నాడు. ఆ మాట విన్నాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. పైగా మేము బయలుదేరుతున్నది గిద్దలూరుకు, నాకు పిల్లను చూడటానికి.

మరునాడు శ్రీరామనవమి వసంతాలు. పిల్ల వాళ్ళింట్లో మోదుగుపూలు కాచిన గోరువెచ్చటి పసుపురంగు నీళ్ళు గంగాళం నిండా ఉన్నాయి. కాబోయే వియ్యంకుడని నాయనను అందరూ గౌరవించారు, అంటే మిగతావాళ్ళకంటే నాలుగు చెంబులు ఎక్కువ పోశారు. సాయంత్రం అందరి బట్టలూ బావి దగ్గర జాడించి ఆరేశారు. అందరివీ తెల్లగా వచ్చాయి. నాయన పంచె మాత్రం జాడించేకొద్దీ నిగనిగలాడుతూ, నడుము దగ్గర నుంచి అంచు దాకా కాషాయపు మరకలుగా మిగిలింది. పిల్ల అవ్వ అరుగు మీద నుంచే చూసి, "అయ్యో, ఏందబ్బా ఇది! కొడుకు పెండ్లి కాకముందే సన్నాసుల్లో కలిసినాడా ఏంది?" అని బుగ్గలు నొక్కుకుంది.

నాయన మొహం పంచె రంగుకు తిరిగింది. "మీరు నీళ్ళలో ఏం కలిపినారు బావా?" అని పిల్ల తండ్రిని నిలదీశాడు. "మాకందరికీ పోయింది కదా బావా, నీకొక్కనికే ఎట్ల అంటుకుంటాది?" అన్నాడాయన. మాట మాట పెరిగి, పెళ్ళి మాట వెనక్కి పోయేలా ఉంది. చివరికి ఆ పూలు కాచిన అద్దకం తాతను పిలిచారు. వీధి చివర చీరలకు రంగులు వేసే ముసలాయన. ఆయన పంచె కొంగు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తుపుక్కున ఉమ్మి, "పటిక. పాలు ఇరిసినట్టు సోడాతో ఇరిసినారు. ఎవరో పనితనం తెలిసినోళ్ళే చేసినారు" అన్నాడు.

పనితనం! ఆ ఒక్క మాటతో నాకు ఒళ్ళు తెలియలేదు. "నేనే తాతా! అది మద్రాసు శాస్త్రం" అని ముందుకొచ్చాను. "అట్లనా అబ్బోడా? మా అమ్మ రోజూ చేసేది, రంగు గట్టిగా పట్టాలని" అన్నాడు తాత శాంతంగా. నాయన మెల్లగా నావైపు తిరిగాడు. "అంటే, నా పంచె పాడు చేసింది నువ్వన్నమాట!" గొప్ప చెప్పుకోబోయి నేరం ఒప్పుకున్నానని అప్పటికి గాని తెలియలేదు. తలుపు వెనక నుంచి కిసుక్కున ఒక నవ్వు వినిపించింది. ఇంట్లో వాళ్ళంతా ఆ నవ్వు అందుకున్నారు. నాయన ఒక్కడే కాసేపు ఆగి నవ్వాడు. (ఆ తలుపు వెనకామె ఇప్పటికీ ఈ కథ నాకంటే బాగా చెబుతుంది.)

మర్నాడు తాత దగ్గర కూర్చుని పంచెనంతా ఒకే రంగులో ముంచి తీశాను. నా చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా అయ్యాయి. "నాకొక అనుమానం అబ్బోడా, ఆ పటిక ముద్ద రంగును ఎందుకు పట్టుకుంటాది?" అని తాత అడిగాడు. జవాబు తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఎం.ఎస్సీ.లో అది అర్థమైన సెలవుల్లోనే గిద్దలూరు అత్తగారింటికి వెళ్ళి, ముందు తాత దగ్గరికి పరుగెత్తి, నేల మీద బొగ్గుతో బొమ్మలు గీసి గంటసేపు వివరించాను. తాత ఊ కొడుతూ ఓపిగ్గా విన్నాడు.

"అయితే ఇంక ముందుకంటే గట్టిగా పడుతుందా?"

"లేదు తాతా, అట్లనే పడుతుంది."

"అయితే ఫరవాలేదులే, మంచి మాటే చెప్పినావు" అని, నా మనసు నొచ్చుకుంటుందేమోనని భుజం తట్టి, మళ్ళీ గంగాళం కలుపుకోసాగాడు. ఆ పసుపుపచ్చ చెయ్యి గుర్తు నా కొత్త చొక్కా మీద పడింది. అప్పటి కుర్రాణ్ణి, చిన్నబుచ్చుకుని, ఇంటికి పోయి దాన్ని సబ్బుతో రుద్ది రుద్ది పోగొట్టాను. ఇప్పుడైతే ఉంచుకునేవాణ్ణి.