ఈశాన్యం సింకు, సాగర్ ప్రయాణం

అక్కను నాగార్జునసాగర్ తీసుకెళ్లడానికి మేం రెండుసార్లు బయలుదేరాల్సి వచ్చింది. మొదటి ప్రయాణం చంపాపేట దాటకముందే ముగిసింది.

మా అక్క యాదమ్మ సైదాబాద్‌లో బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముతుంది. షుగర్ వచ్చాక ఊరు దాటడం మానేసింది. గంటకోసారి బాత్రూంకు వెళ్లాలి, దారిలో ఆడవాళ్లకు చోటెక్కడ? ఏదైనా పెళ్లికి వెళ్లక తప్పకపోతే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగదు. ఒకసారి అలాగే బస్సులో కళ్లు తిరిగి పడిపోయింది. ఆమె కోసమే పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, లోపల మంచం, పొయ్యి, సింకు, వెనక చిన్న బాత్రూం పెట్టించాను. గేట్లు ఎత్తినప్పుడు సాగర్ చూడాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

బండి కదిలిన కాసేపటికే సింకులోంచి మురుగు కంపు గుప్పుమంది. అక్క వాంతి చేసుకుంది. "నా నసీబుల లేదు తమ్మీ, మలుపు బండి" అంది. ఇంటికి రాగానే బర్రెల కొట్టంలోకి వెళ్లి కూర్చుంది. ఇంకెప్పుడూ ఎక్కనంటుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఎలాగో బతిమాలి, మరుసటి వారం ఆమెను వెంటబెట్టుకుని పొద్దున్నే ఆరున్నరకు అఫ్జల్‌గంజ్ చేరాను. పైపులూ నల్లాలూ అమ్మే ఆ సందులో దుకాణాలు తెరిచాక సైకిల్ కూడా దూరదు. మీరూ వెళ్లదలుచుకుంటే పొద్దున్నే వెళ్లండి. ప్లంబర్ యూసుఫ్ భాయ్ బండిని సందులోకి రివర్సులో పెట్టించి, కిందికి దూరి చూశాడు.

జరిగిందేమిటంటే, నీళ్లు ఈశాన్యం మూలనే ఉండాలని అక్క పట్టుబట్టింది. సింకు పెట్టించే రోజు బండి మా ఇంటి ముందు తూర్పు ముఖంగా ఉంది కాబట్టి, ముందువైపు ఎడమ మూల ఈశాన్యమైంది. మురికినీళ్ల టంకీ మాత్రం వెనక కుడి చక్రం దగ్గర ఉంది. సన్నటి పైపు ఒకటి బండి పొడవునా పాక్కుంటూ అక్కడిదాకా పోవాలి. దానికి వాలు లేదు. బయలుదేరే ముందురోజు బండిలో అన్నం వార్చిన గంజి అందులో నిలిచి పులిసింది.

యూసుఫ్ భాయ్ మొదట పైపు కడిగి, కింద పట్టీలు బిగించి వాలు తెద్దామని చూశాడు. బకెట్ నీళ్లు పోస్తే సగం మధ్యలోనే ఆగిపోయాయి. పట్టీలు మార్చి పోసినా అంతే. తల గోక్కుని, సింకును టంకీ పక్కకు మార్చక తప్పదన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ఈశాన్యం కదిలిస్తే ఇంటికి అరిష్టమంది. ఆయన వాదన పెట్టుకోకుండా, వెనక అద్దంలోంచి పడుతున్న ఎండను చూపించాడు.

"అక్కా, గిప్పుడు బండి మొఖం పడమరకుంది. నీ సింకు నైరుతిల ఉంది. రేపు సాగర్ రోడ్డు మీద ఏడుంటదో అల్లాకే ఎరుక."

అక్క ఎండను చూసింది, సింకును చూసింది, ఆపుకోలేక నవ్వేసింది. "బండికి వాస్తేంది, నా మొఖం. యాడ మంచిగుంటే ఆడ పెట్టు భాయ్."

పని మధ్యాహ్నం దాకా సాగింది. సింకును వెనక్కి మార్చి, లావు పైపు వేశాడు. దాని కింద వంపు పైపు బిగించాడు. ఆ వంపులో కాసిని నీళ్లు నిలిచి టంకీ వాసనను పైకి రానివ్వవు. టంకీ నుంచి బండి టాపు మీదికి గాలి పోయే పైపు ఎక్కించాడు. మంచినీళ్ల లైనులో గట్టి పైపు తీసి, కుదుపులకు పగలకుండా వంగే పైపు వేశాడు. ఇలాంటి బండి చేయించుకునేవాళ్లు ఇవన్నీ ముందే చూసుకోవాలి. గంజి మాత్రం సింకులో పోయకండి.

పని జరుగుతున్నంతసేపూ మా బాత్రూం కూడా పనికిరాదు. చాయ్ వచ్చింది. అక్క ముట్టుకోలేదు. యూసుఫ్ భాయ్ రెండుసార్లు అటు చూశాడు. ఏమీ అడగకుండా ఇంటికి ఫోన్ చేశాడు. సందు వెనకే ఇల్లు. ఆయన భార్య వచ్చి, తమ ఇంటికి రమ్మని అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అక్క తిరిగొచ్చేసరికి కిచిడీ, పుల్లటి ఖట్టా పులుసు తిని, చాయ్ తాగి, మొహం కడుక్కుని తేటగా ఉంది. ఆ ఆలుమగల రుణం ఎలా తీర్చుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు ఆరింటికి బయలుదేరాం. ఇబ్రహీంపట్నంలో ఇడ్లీ తిన్నాం. అక్క నీళ్ల సీసా ఎత్తి గడగడా తాగింది, దారిలో మూడు నాలుగుసార్లు బండి ఆపించింది. ఆపిన ప్రతిసారీ నాకు సంతోషమే. పదకొండుకల్లా సాగర్ చేరాం. గేట్ల నుంచి లేచిన తుంపరకు చీర తడిసిపోతున్నా అక్క కదల్లేదు. "మస్తుగుంది తమ్మీ" అని ఒక్కమాటే అంది.

తిరుగు ప్రయాణంలో మాల్ అనే ఊరి దగ్గర చాయ్ హోటల్ ముందు ఆగాం. పక్కనే ఒక బస్సు ఆగి ఉంది. అందులోంచి దిగిన ఒకావిడ కడుపుతో ఉంది. హోటల్ వెనక గోడదాకా వెళ్లి, అక్కడ మగవాళ్లుండటంతో వెనక్కి తిరిగింది. అక్క చాయ్ గ్లాసు కింద పెట్టి బండి తలుపు తీసింది.

"ఇటు రా బిడ్డా. లోపల నీళ్లున్నయి, గొళ్లెముంది."

ఆమె వెనకే ఇంకొకామె వచ్చింది, తర్వాత చంటిపిల్లతో మరొకామె. చూస్తుండగానే వరుస కట్టారు. బస్సు డ్రైవర్ హారన్ మీద చెయ్యి వేసి, వరుసను చూసి తీసేశాడు. ఇంకో చాయ్ చెప్పుకున్నాడు.

అక్క నా దగ్గరికొచ్చి, నీళ్లు అయిపోవచ్చాయి, హోటలాయన్ని అడిగి మంచినీళ్ల టంకీ నింపమంది. ఆయన వెంటనే పైపు ఇచ్చాడు. నీళ్లు నిండేదాకా పైపు పట్టుకుని నిలబడి, యూసుఫ్ భాయ్‌కీ ఆయన ఇల్లాలికీ మనసులోనే దండం పెట్టుకున్నాను. లోపల గొళ్లెం పడిన చప్పుడైంది, తర్వాత నల్లా విప్పిన చప్పుడు. అక్క తలుపుకు అడ్డంగా నిలబడి, ఎవరూ తొందరపడొద్దని అందరికీ చెబుతోంది.