నింపిందెవరు, చూసిందెవరు

నిన్న సాయంత్రం ఆసుపత్రిలో డ్యూటీ దిగి వస్తుంటే కరీంనగర్ బస్టాండు బయట సీతాఫలాల వాసన తగిలింది. బాగా మగ్గి తొడిమ దగ్గర పగిలిన పండు వాసన. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. బండి ఆయన గబగబా డజను కాయలు సంచిలో వేసి చేతికిచ్చాడు. ఎప్పుడు తింటారని అడగలేదు. అడగనందుకు నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆయన తప్పేముంది? ఎవరూ అడగరు. అలా అడగాలని చెప్పిన మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆమె పేరు మహబూబీ.

మా ఊరు బోథ్‌లో, మా వాడకట్టులోనే ఉండేదామె. ఏటా వానాకాలం వెళ్ళిపోయే రోజుల్లో రోడ్డు పక్కన, బస్సులు ఆగే చోట సీతాఫలాలు అమ్మేది. మనవలు నానీ అంటుంటే విని వాడకట్టు పిల్లలందరం నానీ అనేవాళ్ళం. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది ఆమె వానలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి కట్టుతో వాకిట్లో మంచం మీద పడింది. అడవి నుంచి గంపలు వస్తూనే ఉన్నాయి, కాయ ఎవరి కోసమూ ఆగదు కదా. అప్పుడే దసరా సెలవులిచ్చారు. నన్నూ, నా జతగత్తె గంగమణినీ పిలిచి దుకాణం మీరే నడపండి అంది. కూలి ఎంతిస్తావని గంగమణి అడిగితే కోపగించుకుంది. మీరు కూలివాళ్ళు కాదు, దుకాణం మీదే, మంచి పేరొచ్చినా చెడ్డ పేరొచ్చినా మీకే అంది. ఆ మాటకు మేమిద్దరం వారం రోజులు నేల మీద నడిస్తే ఒట్టు.

సీతాఫలం కాయకు కళ్ళుంటాయి. ఆ కళ్ళు విప్పారి, మధ్యలో తెల్లని గీతలు కనిపిస్తేనే కోయాలి. అలాంటి కాయ గడ్డిలో పెడితే మగ్గుతుంది. కళ్ళు తెరవని కాయను ఎంత మగ్గబెట్టినా నల్లబడి రాయి అవుతుందే తప్ప పండు కాదు. నానీ మా చేతులు పట్టుకుని తడిమించి మరీ నేర్పింది. ఇవాళ తినేవి ఒక కుప్ప, రేపటివి ఒకటి, ఎల్లుండివి ఒకటి. కళ్ళు తెరవనివి మేకలకు. కొనడానికి వచ్చినవాళ్ళను ముందు ఎప్పుడు తింటారని అడగాలి, ఆ తర్వాతే బుట్ట ముట్టాలి. ఇంకొక నియమం కూడా పెట్టింది. ఒకరు బుట్ట నింపాలి, రెండోవాళ్ళు అడుగుదాకా చూసి ‘చూసిన’ అనాలి. ఆ మాట అననిదే బుట్ట చెయ్యి దాటకూడదు.

బస్సులో పోయేవాళ్ళకు ఇదంతా ఎందుకు, మళ్ళీ మన మొహం చూస్తారా అని నేనొకసారి అడిగాను. ఆమె నవ్వలేదు.

“ఆళ్ళు మన మొహం సూడరు బేటీ. మనం సూస్కోవాలె గదా, దినాం.”

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడైనా పూర్తిగా అయిందని చెప్పలేను.

అసలు సంగతి జరిగింది పండక్కి రెండు రోజుల ముందు. కుప్పలు దాదాపు ఖాళీ అయ్యాయి. బస్సు కదలబోతుంటే ఒకామె కిటికీలోంచి చెయ్యి చాపి ఒక బుట్ట కావాలంది. రేపు తింటామంది. రేపటి కాయలు సగం బుట్టకే ఉన్నాయి. నేను మేకల కుప్పలోంచి ఆరు కాయలు తీసి అడుగున సర్ది, పైన మంచివి పేర్చాను. గంగమణి అటు తిరిగి చూడకుండానే ‘చూసిన’ అంది. బస్సు వెళ్ళిపోయింది. మాకు గిరాకీ దొరికిందన్న సంబరం తప్ప ఇంకో ఆలోచన లేదు.

నాలుగో రోజు ఆమె అదే బుట్టతో వెతుక్కుంటూ నానీ మంచం దగ్గరికే వచ్చింది. అరవలేదు, కొట్లాడలేదు. అరిచినా బాగుండేది.

“మా ఆయన మస్కట్‌కెళ్ళి మూడేండ్లకు అచ్చిండమ్మా. సీతాఫలం తినాలె అన్నడు. బుట్ట కుమ్మరిచ్చి మొదలు తీశిన కాయనే రాయి లెక్కున్నది. ఎల్లుండి మల్ల పోతుండు.”

నానీ మనవల కోసం వడ్ల గుమ్మిలో దాచిన పండ్లన్నీ తెప్పించి ఆమె ఒళ్ళో పోసింది. ఆమె వెళ్ళాక మమ్మల్ని ఎదురుగా నిలబెట్టి, నింపిందెవరని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నాను. నోరు తెరిచేలోగా గంగమణి అంది, నేనే నింపిన నానీ అని. నానీ నావైపు తిరిగింది. అయితే చూసింది నువ్వా అంది. అవునన్నాను. స్నేహితురాలు నన్ను కాపాడుతుంటే కాదనడం ఎలా? ఇద్దరూ కలిసుండాలని నేర్పిందీ నానీయే, అబద్ధమాడొద్దని నేర్పిందీ నానీయే. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

“నింపినోళ్ళు తొందరల తప్పు జేస్తరు. సూశెటోళ్ళు ఉన్నది గందుకే. సూడకుంట సూశిన అన్నవంటె గది రెండు తప్పులు బిడ్డా.”

గంగమణి దుకాణంలోనే ఉంది. నన్ను మాత్రం సెలవులు అయ్యేదాకా మంచం పక్కన కూర్చోబెట్టి కాయలు ఏరించింది. ఏరుతూ ఒకటే ఆలోచన. గంగమణి నన్ను కాపాడిందా? చూసినవాళ్ళకే ఎక్కువ చీవాట్లని ముందే కనిపెట్టి తనను తాను కాపాడుకుందా? నానీకి అసలు సంగతి తెలుసా? సెలవుల చివరి రోజు ధైర్యం చేసి, నానీ, ఆ బుట్ట ఉంది చూడు, అని మొదలుపెట్టాను. ఆమె మగ్గిన పండు విప్పి సగం నా చేతిలో పెట్టింది.

“మొదలు తిను. నోట్ల గింజలున్నప్పుడు మాట్లాడద్దు.”

తిన్నాను. గింజలన్నీ ఊసేసరికి ఆమె నమాజుకు సిద్ధమవుతోంది. చెప్పనివ్వకూడదని ఆపిందో, ముద్దుగా తినమందో! నేను నర్సింగు చదువుతుండగా నానీ పోయింది. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది, దానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

నిన్న ఆ సంచి ముందు పెట్టుకుని మందమర్రికి ఫోన్ చేశాను. గంగమణి అక్కడే ఉంటుంది, భర్తకు బొగ్గు బావిలో పని. ఇన్నేళ్ళుగా అడగనిది అడిగేశాను, ఆ రోజు నా కోసం ఎందుకు అబద్ధం చెప్పావని.

“అబద్ధమేందే? నింపింది నేనే గద. నువ్వు బస్సును ఆపుమని ఉరికినవు, మల్లచ్చి సూడకుంటనె సూశిన అన్నవు. నాకు మంచిగ యాదికున్నది.”

ఆ ఆరు కాయల గరుకు నా వేళ్ళకు ఇప్పటికీ తెలుస్తోంది. కాయలు ఏరిన రోజుల గరుకును ఆ బుట్టదనుకుంటున్నానా? లేకపోతే ఈ మహాతల్లి ఇప్పటికీ నన్ను కాపాడుతోందా? గట్టిగా అడిగితే నవ్వింది. గంత పరేషాన్ ఎందుకే, నానీ లేదు, బుట్టా లేదు అంది.

నానీ లేదు, నిజమే. మా వార్డులో సూదిమందు ఒకరు నింపితే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. రోజుకు ఎన్ని పెడతానో లెక్కలేదు. అక్కా, మేం నింపినంక ఇంక చూసేదేముంది, సంతకం పెట్టెయ్యండి అని కొత్తగా చేరిన నర్సు పిల్లలు విసుక్కుంటారు. నేను సీసా మీది పేరు చదువుతాను, సిరంజిని వెలుతురుకు పట్టి చూస్తాను, అప్పుడే పెన్ను తీస్తాను. ముసలి చాదస్తమని వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

ఫోన్ పెట్టేసి సంచిలోని పన్నెండు కాయలనూ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఆ రోజు బుట్ట నింపింది నేనో గంగమణో ఇక తేలదు. ఇద్దరిలో ఎవరమూ చూడలేదన్నది మాత్రం ఇద్దరికీ యాదికుంది.